అన్నపూర్ణ దగ్గర ఒక్కపొద్దు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసేసరికి నేను అశోక్ చౌక్‌లో ఆటో కోసం నిలబడి ఉన్నాను. “అమ్మ పోయింది పిల్లా. బీడీల చాట ఒళ్ళోనే ఉండె. కునుకు తీస్తుందనుకున్నం,” అన్నాడు. నాకు ముందు ఏడుపు రావాలి. రాలేదు. సిగ్గేసింది. ఆమె నన్ను ఒక్క పని అడిగింది, గల్లీవాళ్ళకు ఒక నిజం నమ్మేటట్టు చెప్పమని. అది నా వల్ల కాకుండానే ఆమె వెళ్ళిపోయింది.

జోడ్‌భావి పేట్‌లో మా గల్లీ మొదట్లో ఏడాదిగా ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో మా అత్త ఉంటుంది, నెత్తిన ఉన్ని టోపీ, వెనకాల తెల్లటి మంచుకొండ. ఒక బుగ్గ కొంచెం ఉబ్బి ఉంటుంది. కింద తెలుగులోనూ మరాఠీలోనూ “హిమాలయాలను జయించిన మన గల్లీ ఆడబిడ్డ” అని రాసి ఉంటుంది. అత్త హిమాలయాలను జయించలేదు. చివరిదాకా పోకుండానే వెనక్కి వచ్చింది. ఆ సంగతి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పింది ఆమే.

సోలాపూర్‌లో మా ఆడవాళ్ళు చాలామంది లాగే అత్త కూడా బతుకంతా కూర్చునే గడిపింది. మామ కుంఠా నాకా దగ్గర మరమగ్గాల మీద టవళ్ళు నేసేవాడు, అత్త గడప పక్కన గోడకు ఆనుకుని బీడీలు చుట్టేది. ఏడాదికోసారి మాత్రం లేచి నడిచేది. దసరా తర్వాత వచ్చే కోజాగిరి పున్నమికి గల్లీ ఆడవాళ్ళంతా కలిసి తుల్జాపూర్ అమ్మవారి దగ్గరికి కాలినడకన పోతారు. అత్త చెప్పులు కూడా వేసుకునేది కాదు. గల్లీ చివర కిరాణా సేఠు దుకాణంలో ఆ చెప్పులు అప్పజెప్పి, “వచ్చి తీస్కుంట, ఎవరికీ అమ్మకు,” అని ఏటా అదే మాట అనేది. సేఠు ఏటా నవ్వేవాడు.

ఆగిన చోటల్లా పక్కవాళ్ళ పిక్కలు పిసకడం ఆమెకు అలవాటు. వద్దన్నా వినదు. “నీ కాళ్ళు నడిస్తెనే నా కాళ్ళు నడుస్తయ్. చాపు,” అనేది. నడిచేటప్పుడు ఎవరైనా కబుర్లు మొదలుపెడితే మాత్రం కసిరేది. “మాటలు ఇంట్ల చెప్పుకుందం. ఊపిరి దాచుకో.”

నేను టవళ్ళ కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. సెలవు దొరికితే వీపుకు సంచీ తగిలించుకుని కొండలు పట్టుకు పోతాను. వియత్నాం, శ్రీలంక, ఒకసారి జార్జియా. గల్లీలో దీనికి ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. కొందరు పెళ్ళి ఇష్టం లేక తిరుగుతోందన్నారు, కొందరు ఎవడో ఉన్నాడన్నారు. అడగాల్సిన ప్రశ్నలు అడిగింది అత్త ఒక్కతే. “రాత్రి ఏడ పంటవ్? ఏం తింటవ్? కాళ్ళు ఎవరు పిసుకుతరు?”

నేపాల్ పోతున్నానని చెప్పినప్పుడు కొండ పేరేమిటని అడిగింది. అన్నపూర్ణ అన్నాను. బీడీ చుడుతున్న వేళ్ళు ఆగిపోయాయి. “అమ్మవారి పేరా? మరి నేనెందుకు రావద్దు?” అంది. పాస్‌పోర్టు లేదు కదా అన్నాను, అదొక గోడలా అడ్డం పెట్టి. నేపాల్‌కు ఓటరు కార్డు చాలని నాకు తెలుసు. రెండు రోజుల్లో ఆమెకూ తెలిసింది.

పుణె నుంచి రైల్లో గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సరిహద్దు దాటి పోఖరా. పుణె అమ్మాయిలు ఇద్దరు మాతో కలిశారు, అందరికీ కలిపి ఒక గైడ్. అత్త బూట్లు వేసుకోవడానికి ఒప్పుకోవడమే ఒక యుద్ధం. “అమ్మవారి కాడికి చెప్పులేసుకొని పోతరా?” అంటే, గైడ్ హిందీలో నెమ్మదిగా చెప్పాడు, “ఆమా, అక్కడ మంచు ఉంటుంది. మీ కాలివేళ్ళు అమ్మవారికి అక్కర్లేదు.” నేపాలీలో ఆమా అంటే అమ్మ అని తెలిశాక అతను ఏం చెప్పినా వినేది.

నేను అప్పటిదాకా చాలా కొండలు ఎక్కాను కానీ ఆమెతో నడిచినట్టు ఎక్కడా నడవలేదు. లోయ పొడుగునా రాతిమెట్లు, పక్కన లోతుగా పాలలా పారే ఏరు. చెట్ల నిండా ఎర్రటి పూలు, ఒక్కొక్కటి కొబ్బరికాయంత గుత్తి. వెదురు అడవి దాటాక రెండు వైపులా నిట్టనిలువు గోడలు, వాటి మీంచి ఎక్కడపడితే అక్కడ జలపాతాలు. మేమందరం ఫోన్లు తీసి ఆహా ఓహో అంటుంటే అత్త నడుం మీద చేయి పెట్టుకుని కోపంగా చూసింది. “మా పేట్‌ల నాలుగొద్దులకోసారి నల్లా వస్తది. ఒక బిందె కోసం పెయ్యంత చెమటలు. ఈడ చూడు, గిన్ని నీళ్ళు ఊకెనే పోతున్నయ్, పట్టెటోళ్ళే లేరు!” పుణె పిల్లలకు అనువాదం చేస్తే వాళ్ళు మెట్ల మీద కూలబడి నవ్వారు. కూలబడ్డారు కదా అని ఇద్దరి పిక్కలూ పిసికింది.

రాత్రి ఆగిన లాడ్జిలన్నింటిలో ఆమె మాతో కూర్చోలేదు. వంటింట్లో పొయ్యి దగ్గర, ఆ ఇంటి ఆడవాళ్ళ పక్కన చేరేది. తిండి కూడా అక్కడే. అందుకే చివరి రెండు పూటలూ ఆమె ఏమీ తినలేదన్న సంగతి నాకు తెలియలేదు.

అన్నపూర్ణ పాదాల దగ్గర ఒక గిన్నెలాంటి మైదానం ఉంటుంది, చుట్టూ మంచుశిఖరాలు. మా దారి అక్కడితో పూర్తి. ఆ చివరి ఎక్కుడులో, ఎదురుగా కొండ పూర్తిగా తెరుచుకుంటున్న చోట, అత్త గడ్డి మీద మెల్లగా కూర్చుంది. కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. పెదవులు నీలంగా ఉన్నాయి. గైడ్ ఆమెను వీపున వేసుకుని కిందికి పరుగు తీశాడు. మేము ముగ్గురం వెనకాల. రాత్రి దిగిన లాడ్జిదాకా ఎవరూ ఆగలేదు.

లాడ్జి నడిపే ఆమెను అడిగితే బయటపడింది. నిన్నటి నుంచి ఆమా అన్నం ముట్టలేదు, చాయ్ కూడా వద్దంది. గైడ్ తల పట్టుకున్నాడు. “అన్నపూర్ణ దగ్గరికి ఎవరైనా ఆకలితో వస్తారా ఆమా?” అన్నాడు. తుల్జాపూర్ నడకలో చివరి మజిలీ నుంచి అమ్మవారి ముఖం చూసేదాకా ఒక్కపొద్దు ఉండడం అత్త ఆనవాయితీ. ఇక్కడా ఉండింది. చెబితే వద్దంటామని చెప్పలేదు. ఆ ఎత్తులో గాలే సగం ఉంటుందని, ఆ గాలికి ఖాళీ కడుపు ఆగదని ఆమెకు తెలియదు.

నాకు కోపం వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూ కొండను తిట్టాను, అత్తను తిట్టాను, ఓటరు కార్డును తిట్టాను. మధ్యాహ్నానికల్లా మబ్బులు కమ్ముతాయని, మళ్ళీ ఎక్కడానికి మాకు సెలవులు లేవని తెలుసు. పుణె పిల్లలకూ లేవు.

అత్త బొడ్లో ఒక మూట ఉంది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి చిప్ప, రవికె బట్ట. అమ్మవారికి పోయాలని సోలాపూర్ నుంచి తెచ్చిన ఒడిబియ్యం. బట్టలు వదులు చేస్తుంటే ఆ మూట లాడ్జి ఆమె చేతికొచ్చింది. జబ్బుమనిషి కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం అనుకుంది పాపం. తీసుకుపోయి మెత్తగా వండేసింది. వండాక మొదటి గరిటె బయటికి తీసుకెళ్ళి, కొండవైపు రాతిగోడ మీద పెట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాకులకేమో అనుకున్నాను.

అత్తను లేపి కూర్చోబెట్టి నోట్లో ముద్ద పెట్టారు. నమలబోతూ పళ్ళెంలోకి చూసింది. పచ్చటి మెతుకులు. తన మూట అని తెలిసిపోయింది. ఉమ్మేద్దామంటే అన్నం, మింగుదామంటే అమ్మవారి ఒడి. ఆ ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు, ఆమె కళ్ళు తెరిచిందన్న సంతోషంలో గైడ్ నా ఫోన్ లాక్కుని, “ఆమా, ఇటు!” అని ఫోటో తీశాడు. తలుపులోంచి వెనకాల మంచుకొండ ఎండలో మెరుస్తోంది.

తర్వాత ఆ ముద్ద మింగింది. గైడ్ ఎదురుగా కూర్చుని పళ్ళెం ఖాళీ చేయించాడు. అత్త కళ్ళ నీళ్ళు కారుతుంటే నీరసమనుకున్నాం.

సిగ్నల్ దొరికిన చోట ఆ ఫోటో ఇంటి గ్రూపులో పెట్టి, అత్త బాగుందని రాశాను. తిరుగు రైల్లో ఆమె నా చేయి పట్టుకుంది. “నా వల్ల మీ నలుగురికి దర్శనం తప్పింది. ఎక్కలేదని నేనే చెప్త, దాని గురించి కాదు. గా బియ్యం సంగతి మాత్రం నీకు నాకే. నా మీద ఒట్టు. అమ్మవారికి తెచ్చింది నేను తిన్న.” సరేనన్నాను. అంత చిన్న విషయానికి ఒట్టెందుకో అనుకున్నాను కూడా.

ఇంటికొచ్చేసరికి ఆ ఫోటోతో ఫ్లెక్సీ వేలాడుతోంది. కిరాణా సేఠు వేయించాడు. అత్త రిక్షా దిగుతూనే, “ఎవని సొమ్మురా ఇది, తీసేయుండ్రి, నేను ఎక్కలే!” అంది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. “కితీ సాధీ ఆహే బగా!” అంటూ పక్కింటి మరాఠీ ఆమె మురిసిపోయింది. ఎంత నిగర్వి చూడండి అని. అత్త ఎంత కాదంటే అంత నిగర్వి అయిపోయింది. శాలువా కప్పారు. చివరికి ఆమె ఆ ఫ్లెక్సీ కింద నడవలేక, నీళ్ళకు పోవాలన్నా వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి పోయేది.

“నువ్వు చెప్పు. చదువుకున్నదానివి, నీ మాట నమ్ముతరు,” అని నన్ను అడిగింది. సేఠు దగ్గరికి వెళ్ళి చెప్పాను. “అగ, సగం ఎక్కినా ఎక్కినట్టే గదా బేటీ. మనోళ్ళల్ల ఎవరు పోయిండ్రు గంత దూరం?” అని గోళీ సోడా ఇచ్చాడు. బియ్యం సంగతి చెబితే నమ్మేవాడే. కానీ ఒట్టు ఉంది.

ఆ ఏడు కోజాగిరికి అత్త తుల్జాపూర్ పోలేదు. ఏళ్ళ తరబడి తనతో నడిచిన పెద్దవ్వ పిలవడానికి వస్తే మోకాళ్ళు నొప్పులంది. నేను అక్కడే ఉన్నాను. మోకాళ్ళకు ఏమీ కాలేదు. పెద్దవ్వ పోయాక గోడవైపు తిరిగి, “ఏ మొఖం పెట్టుకొని పోను?” అంది.

అత్త పోయిన పదో రోజు గల్లీలో టెంటు వేశారు. అదే ఫోటోతో ఇంకా పెద్ద ఫ్లెక్సీ, ఈసారి శ్రద్ధాంజలి అని. సేఠు మైకులో హిమాలయాల గురించి మాట్లాడుతుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. చచ్చిపోయాక కూడా ఆమెను వెనక గల్లీలోంచే నడిపిస్తున్నామనిపించింది. లేచి మైకు తీసుకున్నాను. ఎక్కలేదన్నాను. అందరూ తలలూపారు, ఎప్పటిలాగే. ఇక ఆగలేదు. ఒక్కపొద్దు సంగతి, గైడ్ వీపున దింపడం, ఒడిబియ్యం వండడం, ఆమె తినడం, అంతా చెప్పేశాను. ఆమె దాచుకున్నది ఆమె పదో రోజున నడివీధిలో విప్పి పెట్టానని అప్పుడు తెలిసి మైకు కింద పెట్టేశాను. బావ తల వంచుకున్నాడు.

ఆడవాళ్ళలోంచి పెద్దవ్వ లేచింది.

“గందుకేనా అది తుల్జాపూర్ రాలే?”

అవునన్నాను.

“ఖరం చెప్పు, అబద్ధమాడకు. వండినామె దేవునికి పెట్టకుండనే పెట్టిందా దీనికి?”

గోడ మీది గరిటెడు అన్నం అప్పుడు గుర్తొచ్చింది. కొండవైపు పెట్టిందని, కాకులకనుకున్నానని చెప్పాను.

“అయితే అమ్మవారి ఒడి అమ్మవారికే ముట్టింది గదనే పిచ్చిదానా! మిగిలింది ప్రసాదం. తుల్జాపూర్‌ల పోసినంక మనం పిడికెడు ఇంటికి తెచ్చుకొని వండుకుంటలేమా?” పెద్దవ్వ నా దగ్గరికొచ్చింది. “దానికి చెప్పకపోతివా?”

నాకు తెలియదు. అలా పెడితే మిగిలింది ప్రసాదమవుతుందని తెలియదు. చూసింది నేనొక్కదాన్ని. ఏడాదిపాటు ఆమె పక్కన కూర్చుని, ఒట్టు తప్పకుండా, ఆ ఒక్క గరిటె సంగతి నోట్లోనే పెట్టుకుని తిరిగాను. దేశాలు తిరిగొచ్చిన కళ్ళు నావి. ఇంతకంటే సిగ్గుపడాల్సింది నాకు ఇంకోటి లేదు.

పెద్దవ్వ పైట చెంగుతో ముఖం తుడుచుకుని ఫ్లెక్సీ వైపు చూసింది. “ఆ బుగ్గ చూడుండ్రి. ముద్ద ఉన్నది బుగ్గల,” అంది. ఒక్కొక్కరే తలెత్తారు. ఏడాదిగా ఆ కిందనుంచే పోతున్నవాళ్ళు అప్పుడు చూశారు.

సేఠు ఆ రోజే పాత ఫ్లెక్సీ మీది అక్షరాలకు తెల్లరంగు పూయించాడు. ఫోటో మాత్రం ఉంచమని ఆడవాళ్ళు అన్నారు. నేను రోజూ ఆఫీసుకు దాని కిందనుంచే పోతాను. వెనకాల కొండ మెరుస్తూ ఉంటుంది. అత్త ఆ ముద్దను ఇంకా మింగలేదు.