ఆటలో అరటిపండు

జమ్మలమడుగు నుంచి బదిలీ మీద ప్రొద్దుటూరికి వచ్చినప్పుడు ఈ ఊళ్లో నన్ను పలకరించే మనిషి లేడు. ఆఫీసులో పనుంటేనే మాట్లాడేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ ఫోను ఆమె చూసుకుంటుంటే నా ఫోను నేను చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. అందుకే ఎదురింటి అరుగు మీద రోజూ సాగే పేకాట నా కంటికి పెళ్లిపందిరంత సందడిగా కనపడింది.

నిజానికి ఆడేది ఇద్దరే. ఇంటాయన కువైట్‌లో ఒక తెల్లదొరకు ఏళ్ల తరబడి కారు నడిపి వచ్చిన భాయ్. రెండో ఆయన పక్కవీధి గుడి పూజారి. ఆట పేరు క్రిబేజ్. భాయ్ దొర దగ్గర నేర్చుకొచ్చాడు, ఆయన నోట్లో అది కిరిబేజీ. చేతిలో ముక్కలు కలిపి పదిహేను చేస్తే పాయింట్లు, జత పడితే పాయింట్లు. వాటిని రాసుకోరు. చిల్లులున్న చెక్కపలక మీద చిన్న పుల్లలు గుచ్చుతూ ముందుకు జరుపుతారు. ఎవరి పుల్ల ముందు చివరి చిల్లు చేరితే వాళ్లది గెలుపు.

కొన్నాళ్లు నిలబడి చూసి, సిగ్గు చంపుకుని, ముగ్గురు ఆడకూడదా అని అడిగాను.

"ఎందుకాడకూడదు సార్? తలా ఐదు ముక్కలు. అందులో తలా ఒకటి పక్కన పడేయాల. కట్టలోంచి ఇంకోటి కలిపితే నాలుగైతాయి. ఆ నాలుగూ పంచినోడివి. కూచో," అన్నాడు భాయ్.

పలక మీద రెండే వరసలు. నా కోసం పూజారి ఒక డబ్బా చింతగింజలు తెచ్చి, పాయింటుకొక గింజ పక్కన పెట్టుకోమన్నాడు.

ఆ వారం నుంచే నేను గెలవడం మొదలుపెట్టాను. వాళ్లిద్దరూ ఒక్క పాయింటు కోసం కాకుల్లా అరుచుకునేవాళ్లు. నా లెక్కకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు. అది నా ఉద్యోగానికిచ్చే మర్యాద అనుకున్నాను. పలక మీద చిల్లులెన్నో అన్ని గింజలు నాకు నిండగానే "శభాష్ సార్" అని, మళ్లీ వాళ్ల పుల్లల గొడవలో పడిపోయేవాళ్లు. రెండో స్థానానికి కొట్టుకుంటున్నారులే అని జాలిపడేవాణ్ణి కూడా. ఇంటికి పోయి "ఈ రోజూ మనదే" అని మా ఆవిడ దగ్గర మీసం తిప్పేవాణ్ణి.

తుమ్మలపల్లె గనిలో పనిచేసే మా బామ్మర్ది ఒక ఆదివారం పులివెందుల నుంచి వచ్చాడు. నా ఆట చూద్దువుగాని రమ్మని వెంటబెట్టుకుని పోయాను. భాయ్ వాడికి కుర్చీ వేసి, ముక్కలు పంచుతూ ఆట సంగతులన్నీ చెప్పాడు. నా చేతికి ఒక జాకీ, ఒక నాలుగు వచ్చాయి. పదిహేను అని రెండు గింజలు తీశాను.

"బావా, జాకీకి పదే అన్న్యాడు గదా భాయ్? పదీ నాలుగూ పద్నాలుగే గదా?" అన్నాడు మా వాడు.

పదకొండో ముక్క కదా అని మొదటి నుంచీ నేను జాకీని పదకొండు కిందే లెక్కేస్తున్నాను. భాయ్ వైపు చూశాను. ఆయన తలెత్తకుండానే, "గమ్మునుండప్పా. సారుది లెక్కలోకి రాదు. సారు మాకు ఆటలో అరటిపండు," అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. వాడికి ఆట నేర్పుతూ నేర్పుతూ అదీ ఒక నియమంలాగా చెప్పాడు. పూజారి గబగబా ముక్కలు సర్దుకున్నాడు. వీధిలో పిల్లలు ఏడ్చే పసివాణ్ణి కలుపుకుంటారే, వాడు దొరికినా దొంగ కాడు, గెలిచినా గెలుపు కాదు, వాడూ అరటిపండు. నాకు యాభై దాటాయి. తల కొట్టేసినట్టయింది. బామ్మర్ది పులివెందుల బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు. పోయే ముందు అక్కకు చెప్పి మరీ పోయాడు.

తర్వాత నేను అరుగు వైపు పోలేదు. ఆఫీసుకు కూడా వెనక సందులోంచి పోయేవాణ్ణి. చివరికి భాయే మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది సార్, దొంగ మాదిరి సందులోంచి పోతాండావు? నువ్వు లేక ఆట శానా సప్పగుంది."

"నన్ను లెక్కలో కలుపుకుంటేనే వస్తా," అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినపడి ఒళ్లు చచ్చిపోయింది. నిజంగా ఏడ్చే పసివాడి గొంతే అది.

"దానికేముంది," అని భాయ్ పోయి, ఎవరి దగ్గరో డ్రిల్లు మిషన్ అడిగి తెచ్చి, పలక మీద మూడో వరస తొలిచాడు.

మరుసటి రోజు ముగ్గురం కూర్చున్నాం. నా పుల్ల ఎక్కడుందో దారిన పోయేవాళ్లకు కూడా కనపడుతోంది. "అది పదిహేను కాదు సార్, పుల్ల ఎనక్కి తీ," అని భాయ్ నా మీదా అరిచాడు. పూజారి పుల్ల చివరి చిల్లులో దిగేసరికి నాది సగం కూడా దాటలేదు. "మీరు ఓడిపోయినారు సార్," అన్నాడాయన, ఉన్నమాట చెప్పినట్టు. నేను కోరిందే జరిగింది. అయినా ముఖం ఎత్తలేకపోయాను.

తమ్ముడు చెప్పిపోయినప్పటి నుంచీ మా ఆవిడ ఆట ఊసెత్తలేదు. ఆ రోజు గుమ్మంలో ఎదురొచ్చి మెల్లగా అడిగింది. "కలుపుకున్యారా?"

"కలుపుకున్నారు."

"ఎవురు గెల్చినారు?"

"నేనే," అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. నేను చెప్పులు విప్పేలోపలే లోపలికి పోయి ఫోనందుకుంది. "ఒరే, ఈసారి లెక్కలో ఉండే గెల్చినాడంటరా మీ బావ," అని పులివెందులకు చెబుతోంది.