పిట్ట ముట్టని ఇస్తరి

మా ఊరికి మొదటి ఆడ సర్పంచ్ మా యారాలు సంగమ్మ, అంటే మా ఆయన అన్న పెండ్లాం. మొన్న జనరల్ సీటుల సుత నిలవడి గెలిచింది. గానీ నన్నడిగితే ఆమె నిజంగ సర్పంచ్ అయింది మా బావ సచ్చిన మూడోనాడు.

మొదటిసారి లేడీస్ రిజర్వేషన్ రాంగనే మా బావ శ్రీశైలం సంగమ్మక్కతోని నామినేషన్ ఏయించిండు. గెలిచింది అక్క, కుర్సీల కూసున్నది బావ. అందరు ఆయనకే "సర్పంచ్ సాబ్" అని దండం పెడుతుండిరి. నాకైతే ఒళ్లు మండేది. అక్క మాత్రం ఇంట్ల కూసొని సంతకాలు పెట్టేది. బావంటే ఆమెకు పానం.

గా బావ గుండాగి పోయిండు. మూడోనాడు చెరువు కట్ట మీద పిట్టకు పెట్టినం. సచ్చినోనికి ఇష్టమైనయన్ని మోదుగాకు ఇస్తరిల పెట్టి దూరం జరుగుతం, కాకి వచ్చి ముట్టాలె. ముట్టకుంటే ఏదో కోరిక మిగిలినట్టు. ఆ కోరిక తీరుస్తమని ఇంటోళ్లు మాటియ్యాలె.

కోడికూర పెట్టినం, కల్లు పెట్టినం. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఒక్క కాకి రాలే. రెక్క సప్పుడు లేదు, గాలి లేదు. చెరువు మీద మందుల వాసన, పచ్చటి తెట్టు. బావ ఆ ఇస్తరి పక్కనే నిలవడి మమ్ముల సూస్తున్నట్టే అనిపిచ్చి నేను రెండడుగులు ఎనుకకు జరిగిన.

పక్కనున్న మందుల కంపెనీని చెరువు దిక్కు పెంచుకోనిస్తనని బావ మేనేజర్‌కు మాటిచ్చి ఉండె. దానికి సర్పంచ్ సంతకం కావాలె. మిగిలిన కోరిక గదేనని మా ఆయన సత్తయ్య తేల్చిండు.

"సంతకం పెడతనని చెప్పు వదినా. అన్న ఆకలిగున్నడు."

ముసలోళ్లంత గదే మాట. అక్క ఇస్తరి ముంగట కూసొని చేతులు జోడించింది. ఇగ ఒప్పుకుంటదనుకున్న. ఆమె మాత్రం మా దిక్కు తిరిగి, మన ఊర్ల కాకిని ఆఖరికి ఎవరు సూసిండ్రు, ఎప్పుడు సూసిండ్రు అని అడిగింది.

మా అమ్మకు పెట్టినప్పుడు వచ్చినయి గదా అనుకున్న. గానీ గది మా తల్లిగారి ఊరు హత్నూరల. మిద్దె మీద వడియాలు ఎండవెట్టి కావలి ఉండుడు ఎప్పుడు బంద్ చేసిన్నో నాకే యాదికి రాలే. అందరం ఒక్కసారే పైకి సూసినం. అంత ఖాళీ. అప్పటిదాక బావకు భయపడ్డ, ఇప్పుడు గా ఆకాశానికి భయపడ్డ.

అక్క మళ్ల ఇస్తరి దిక్కు తిరిగింది. బావతోనే మాట్లాడింది.

"వింటున్నవా, నేను సంతకం పెట్ట. నువ్వు ఆకలితోనే పో."

పెండ్లాం మొగనితోని అనే మాటనా అది? ముసలోళ్లు చెవులు మూసుకున్నరు. ఆమె ఏడ్సుకుంటనే లేచి, మైల అన్నా ఆగకుండ, తడి చీరతోనే పంచాయతి ఆఫీసుకు నడిసింది. కుర్సీల కూసొని, మేనేజర్ తెచ్చిన కాయితాలు వాపస్ ఇచ్చింది.

తెల్లారి నేను కట్ట మీదికి పోయి సూసిన. ఇస్తరి పెట్టింది పెట్టినట్టే ఉన్నది. చీమ సుత ముట్టలే.