కాన్పుకు పోవాల్సిన మా చెల్లెలు ఫ్రాన్సుకు

గల్ఫ్‌లోని బౌషర్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో నేను వంట చేస్తాను, మా చెల్లెలు రమణమ్మ ఇల్లు, గిన్నెలు చూస్తుంది. వేసవిలో వాళ్లు ఊళ్లు తిరగడానికి పోతే మాకు సెలవు. ఈసారి ఆ సెలవులోనే రమణమ్మ కూతురికి తొలి కాన్పు. రమణమ్మ ఊరికి పోతుందని మేడమ్‌కు ముందే చెప్పుకున్నాం, సరేనన్నారు.

ఈ రోజు పొద్దున మేడమ్ ఫ్రాన్సు కొండల్లో అద్దెకు తీసుకున్న కాటేజీని ఫోనులో చూపించారు. రాతి గోడలు, కిటికీ బయట ఆవులు. బాగుందన్నాం.

“బాగుంది కానీ గిన్నెలు కడిగే మెషిన్ లేదట. నువ్వూ మాతో వస్తున్నావు రమణమ్మా. అదృష్టవంతురాలివి!”

“మరి పాప కాన్పు మేడమ్? నేను పోకుంటే దానికి ఎవురుండారు?”

“వీడియోకాల్‌లో చూద్దువులే. అక్కడ వైఫై ఫ్రీ.”

చెల్లెలి బదులు నేను వస్తానన్నాను. “ఆ మోకాళ్లతో కొండలెక్కుతావా?” అని నవ్వారు. మా పాస్‌పోర్టులు మేడమ్ బీరువాలోనే ఉన్నాయి.

సాయంత్రం దీపం పెట్టి, చెల్లెలికి వీసా రాకూడదని దండం పెట్టుకున్నాను. పనిలో పనిగా, ఆ కాటేజీకి మేడమ్ చుట్టాలు బాగా రావాలని కూడా అడిగాను. మీరూ ఒక దండం పెట్టండి.