టైపమ్మ తెచ్చిన మూడు పేజీలు

కోర్టులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. జడ్జిగారి దగ్గర్నుంచి క్యాంటీన్లో టీ పోసేవాడి దాకా అందరికీ టైపమ్మే. ముప్పై రెండేళ్ళు తీర్పులు టైపు చేసింది. ఎవరి గోడ ఎవరి స్థలంలోకి జరిగిందో, ఎవరు దొంగో, ఎవరు కాదో, అన్నీ ఆవిడ వేళ్ళ మీదుగానే లోకానికి తెలిశాయి. అలాంటి మనిషికి, రిటైరయ్యాక, సొంత తమ్ముడి చావు గురించిన కాగితం ఇవ్వం పొమ్మన్నారు. ఒళ్ళు మండదూ మరి?

తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. బస్సును పైకెత్తే లిఫ్టు పిన్ను విరిగి, కింద పనిచేస్తున్నవాడి మీద బస్సు పడింది. ప్రభుత్వం ఒక రిటైర్డు జడ్జితో విచారణ చేయించింది. ఆయన ఇచ్చిన నివేదిక నేరుగా అలమారాలోకి వెళ్ళింది. డిపోవాళ్ళు మాత్రం తమ్ముడి ఫోటో పెద్దది చేయించి వర్క్‌షాపు గుమ్మం పక్కన తగిలించారు. దానిపైన ఎర్రక్షరాల బోర్డు: "అజాగ్రత్త ప్రాణం తీస్తుంది." కొత్తగా చేరినవాళ్ళను మొదటిరోజు ఆ ఫోటో ముందు నిలబెట్టి పాఠం చెప్పేవారు.

తమ్ముడి భార్యది అదే డిపోలో టికెట్ల కౌంటరు. నాలుగేళ్ళుగా ఆ పిల్ల రోజూ పొద్దున్నే మొగుడి ఫోటో ముందు నుంచి తలదించుకుని డ్యూటీకి వెళుతోంది. తీసేయమని మేనేజరు కాళ్ళావేళ్ళా పడింది.

"నివేదికలో అలాగే ఉందమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడాయన.

"ఏదీ, ఒకసారి చూపించండి."

"అది బయటికివ్వరు" అని ఫైల్లో తల దూర్చేశాడు.

ఈ ముక్క మరదలు వచ్చి చెప్పినప్పుడు టైపమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాపీ కోసం అర్జీ పెట్టింది. పదకొండు నెలలు రికార్డుల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే ఒక్క వాక్యం చేతిలో పెట్టారు. అది ప్రజలకు ఇవ్వదగిన పత్రం కాదట. అయితే చనిపోయినవాడి బంధువులు కావాలంటే ఆఫీసు వేళల్లో అక్కడే కూర్చుని చదువుకోవచ్చట. పెన్ను, ఫోను బయటే పెట్టి రావాలి.

ఆ ఆఫీసు సూపరింటెండెంటు ఆవిడకు కొత్తవాడేం కాదు. ఒకప్పుడు అదే కోర్టులో కంపేరింగ్ గుమాస్తా. టైపైన ప్రతి కాగితాన్నీ అసలుతో అక్షరం అక్షరం సరిచూసి, "అసలుతో సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టడమే ఆయన పని. తొమ్మిదేళ్ళు ఆవిడ పైకి చదివితే ఆయన ఎర్రపెన్సిల్‌తో వెంట నడిచాడు. పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా ముందు తప్పులు దిద్ది ఆ తర్వాత ముహూర్తం చూసే రకం.

"కూర్చోండి టైపమ్మగారూ. చదువుకోండి, రాసుకోకూడదు" అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా.

చదివింది. మొత్తం నలభై ఒక్క పేజీలు. చివరి మూడు పేజీల్లో జడ్జి తేల్చిన సంగతులున్నాయి. లిఫ్టు పిన్ను అరిగిపోయిందని తమ్ముడు మూడుసార్లు రాతపూర్వకంగా తెలియజేశాడు. మూడుసార్లూ మేనేజరు సంతకం పెట్టి పక్కన పడేశాడు. "ప్రమాదానికి కారణం మృతుడి అజాగ్రత్త కాదు" అని తెల్లకాగితం మీద నల్లగా ఉంది. టైపమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎవరేమనుకుంటారోనని చూడకుండా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే మరదలు నమ్ముతుంది. మేనేజరు మాత్రం కాగితమేదీ అంటాడు.

అప్పుడు చూసుకుంది, తన వేళ్ళు బల్ల మీద వాటంతటవే ఆడుతున్నాయి. పొద్దున టైపు చేసిన పేజీని మధ్యాహ్నం చూడకుండా మళ్ళీ కొట్టగలగడం ఆవిడకు మొదటి నుంచీ ఉన్న విద్య. బుర్ర మరిచినా వేళ్ళు మరవవు. రోజుకు అరపేజీ చొప్పున బల్ల మీద కొట్టడం, ఇంటికి పోయి, కోర్టు వేలంలో కొనుక్కున్న పాత మిషను మీద అదే కొట్టడం మొదలుపెట్టింది.

మూడోరోజుకు సూపరింటెండెంటు పసిగట్టాడు.

"అమ్మా, మీరు టైపు చేస్తున్నారు."

"మిషనేదీ?"

"అది నాకు తెలీదు. బల్ల మీద కొట్టడం కూడా కాపీ కిందికే వస్తుంది."

"ఏ రూల్లో ఉందో చూపించండి. పెన్ను తీసుకున్నారు, ఫోను తీసుకున్నారు. వేళ్ళు కూడా బయట పెట్టి రమ్మంటారా?"

ఆయన మర్నాటికల్లా గోడకు కొత్త కాగితం అంటించాడు: "బల్లపై వేళ్ళు ఆడించరాదు." టైపమ్మ దాన్ని శ్రద్ధగా చదివి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని కింద మోకాళ్ళ మీద టైపు కొట్టుకుంది. ఆరు రోజుల్లో మూడు పేజీలూ ఇల్లు చేరాయి.

ఇంతా చేసి, ఆవిడ ఒక్కచోట ఆగింది. సంతకం లేదు, సీలు లేదు. ఎవడైనా కట్టుకథ అనేస్తాడు. చాలాసేపు మిషను ముందు కూర్చుని, ఆఖరి పేజీలో, తమ్ముడు మూడో ఉత్తరం ఇచ్చిన పదిహేడో తేదీని పద్నాలుగని కొట్టింది. తెలిసి తెలిసి తప్పు కొట్టడం జీవితంలో అదే మొదటిసారి. అడుగున తన పేరు, ఇంటి నంబరు వేసి, "ఇందులో తప్పుంటే అసలు చూసి దిద్దండి" అని చేర్చింది. ఒక ప్రతి సూపరింటెండెంటుకు, రెండోది డిపో గేటుకు అంటిస్తున్నానని రాసి, రిజిస్టర్డు పోస్టులో పంపింది. ఇంకొకటి పట్టపగలు, అందరూ చూస్తుండగా, డిపో గేటు పక్కన బస్సుల వేళల పట్టిక మీదే అంటించింది.

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. ముసలావిడ మతి చెడి అల్లిన రాతలన్నాడు. మరదల్ని పిలిచి, అది అబద్ధమని పదిరోజుల్లో రాసివ్వకపోతే కౌంటర్లో సీటుండదన్నాడు.

"ఏం చెయ్యను వదినా? ఉద్యోగం పోతే పిల్లదాన్ని ఎలా చదివించను?"

"రాయకు."

"ఆ తర్వాత?"

"ఉత్తరం వస్తుంది. నాకు ఆ సూపరింటెండెంటు సంగతి తెలుసు. మనిషి చచ్చాడంటే ఊరుకుంటాడు గానీ తేదీ తప్పు పడిందంటే వాడికి నిద్ర పట్టదు."

పైకి అలా అన్నదే గానీ టైపమ్మ రోజూ పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు గుమ్మంలోనే నిలబడేది. వారం గడిచింది. ఎనిమిదో రోజు పోస్ట్‌మ్యాన్ రాలేదు. తొమ్మిదో రోజు వచ్చాడు, ప్రభుత్వ ముద్ర ఉన్న కవరుతో.

"తమరు అనుమతి లేకుండా ప్రదర్శించిన ప్రతిలో మూడో పేజీ, రెండో పేరా, ఆరో పంక్తిలో 14 అని ఉన్నది. అసలు ప్రకారం 17 అని ఉండవలెను. ఇది మినహా మూడు పేజీలూ అసలుతో సరిచూడబడినవి. సదరు తప్పును తక్షణమే దిద్దవలెను." కింద సంతకం, దాని మీద గుండ్రటి సీలు. అలవాటుకొద్దీ రాశాడో, కావాలనే రాశాడో ఆవిడకు ఈనాటికీ తెలియదు. మళ్ళీ వెళ్ళి అడగలేదు.

మర్నాడు వదినామరదళ్ళిద్దరూ డిపోకు వెళ్ళారు. టైపమ్మ ఎర్రపెన్సిల్ తీసి గేటు దగ్గర తను అంటించిన ప్రతిలో 14 కొట్టేసి 17 వేసింది. ఉత్తరాన్ని దాని పక్కనే అంటించింది. మరదలు వాచ్‌మన్‌ను పిలిచి పేజీలూ ఉత్తరమూ పైకి చదవమంది. అతను తడుముకుంటూ చదివాడు. డ్రైవర్లు, కండక్టర్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చుట్టూ మూగారు. "అజాగ్రత్త కాదు" అన్నచోట మరదలు అతన్ని ఆపి, "అది ఇంకోసారి చదువన్నా" అంది. అతను మళ్ళీ చదివాడు. ఈసారి గొంతు పెంచాడు.

మేనేజరు బయటికొచ్చాడు. "పై నుంచి ఆర్డరు రావాలి. వచ్చాక ఫోటో సంగతి చూద్దాం."

మరదలు వాచ్‌మన్ స్టూలు లాక్కుని, వర్క్‌షాపు గుమ్మం దగ్గర వేసి ఎక్కి, నాలుగేళ్ళుగా తలెత్తి చూడని ఆ ఫోటోను రెండు చేతులా పట్టి దింపింది. ఆపడానికి ఎవరూ ముందుకు రాలేదు. టైపమ్మ ఫోటో అందుకుని, పైనున్న ఎర్రక్షరాల బోర్డు కూడా పీకేయబోయింది.

"దాన్ని ఉండనీ వదినా" అంది మరదలు, మేనేజరు వైపు తిరిగి. "మాట నిజమే. కింద ఈ మేనేజరుగారి ఫోటో పెట్టుకుంటారు."