గేటు పక్కన కుర్చీ

ఈ ఉదయం కొత్త ఎర్ర సబ్బు కాగితం విప్పగానే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. పటమటలో మా ఇంటి గేటు లోపల ఒక కుళాయి, దాని గట్టు మీద ఒక ఎర్ర సబ్బు, పక్కన పాత నీలం ప్లాస్టిక్ కుర్చీ ఎప్పుడూ ఉంటాయి. చూసినవాళ్ళు మొక్కలకు నీళ్ళు పెట్టుకునే కుళాయి అనుకుంటారు. దాన్ని నాన్న నా కోసం పెట్టించాడు. ఆయనను ఎరగని వాళ్ళకు ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆయన మెతకదనం గురించి చెప్పాలి.

నాన్నకు కంకిపాడులో ఎరువుల దుకాణం. దారి అడగడానికి ఆగినవాణ్ణి కూడా కూర్చోబెట్టి టీ తాగించి పంపేవాడు. "ఈయనకి 'లేదండీ' అనడం చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు" అని అమ్మ విసుక్కునేది. దుకాణానికి వచ్చినవాళ్ళు తిన్నగా మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజులు బోలెడు.

నా పదమూడో ఏట రక్తానికి సంబంధించిన జబ్బు చేసి, హైదరాబాదులో ఎముక మజ్జ మార్పిడి చేశారు. అమ్మ మజ్జే నాకు ఎక్కించారు. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ నాన్నతో నెమ్మదిగా చెప్పింది: "కొత్త మజ్జ కుదురుకునేదాకా పాప ఒంట్లో కాపలా ఉండదండీ. మనకి మామూలు జలుబే, తనకి ప్రాణం మీదకి రావచ్చు. కొన్ని నెలలు ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి." నాన్న అన్నింటికీ తలూపాడు. మా వైపు అది ఎంత కష్టమో పాపం ఆవిడకు తెలియదు. మనిషి మంచాన పడితే చూడటానికి వెళ్ళకపోవడం మా వాళ్ళలో తప్పు. వచ్చినవాళ్ళను లోపలికి పిలవకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

నాన్న దుకాణాన్ని గుమాస్తాకు అప్పగించి గేటు దగ్గరే మకాం పెట్టాడు. బత్తాయిలు, యాపిల్స్ సంచులతో చుట్టాలు రావడం మొదలైంది. "రండి రండి, ముందు చేతులు కడుక్కోండి, ఇక్కడే కూర్చుందామండీ" అంటూ వాళ్ళకు అక్కడికే కాఫీ తెప్పించేవాడు. తర్వాత వాళ్ళు జామచెట్టు కింద నిలబడి, మూసిన కిటికీ అద్దంలోంచి, దుర్గమ్మ కొండ మీద క్యూలో దర్శనం చేసుకున్నట్టు నన్ను చూసి కదిలిపోయేవారు. నేను మాస్కుతో, గుండుతో చెయ్యి ఊపేదాన్ని. నాకు కుక్కరులో మెత్తగా ఉడికిన పప్పన్నమే గానీ పళ్ళు పెట్టేవారు కాదు. అవన్నీ వీధిలోకి వెళ్ళిపోయేవి. ఆ నెలల్లో మా వీధి పిల్లలు బాగా ఒళ్ళు చేశారు.

ఒక మధ్యాహ్నం చల్లపల్లి నుంచి అత్తయ్య వచ్చి ఆటో దిగింది. నాన్నకు అక్క. చిన్నప్పుడే తల్లి పోతే ఆయనను పెంచింది ఆవిడే. ఒక చేతిలో సున్నుండల డబ్బా, ముక్కుకు అడ్డంగా చీర చెంగు. దగ్గుతూనే గేటు గడియ తీయబోయింది. నాన్న గడియ మీద చెయ్యి వేశాడు.

"అక్కయ్యా, జలుబు తగ్గాక రా."

"పొద్దున్నే బయల్దేరి వచ్చానురా. ఒక్కసారి దాన్ని దగ్గరగా చూసి పోతాను."

"కుర్చీలో కూర్చో. కిటికీలోంచి చూద్దువుగాని."

"నిన్ను చంకనేసుకుని పెంచాను. నన్ను బయట కూర్చోబెడతావా?"

"లోపలికి మాత్రం వద్దక్కయ్యా" అన్నాడు నాన్న. గడియ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

అత్తయ్య డబ్బాను గేటు మీదుగా ఆయన చేతిలో పెట్టి, అదే ఆటోలో వెళ్ళిపోయింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని నాన్న ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. కిటికీలోంచి అంతా చూసిన నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన స్నానం చేసి నా గది గుమ్మం దాకా రాగానే అనేశాను.

"అత్తయ్యని పంపేశావు. నువ్వసలు మంచివాడివి కాదు నాన్నా."

"అవునమ్మలూ. ఇంకొన్నాళ్ళు ఇంతే. నీ రక్త పరీక్షలన్నీ బాగా వచ్చాక మళ్ళీ మంచివాణ్ణవుతాను."

మరుసటి ఏడు డాక్టరమ్మ సరేనన్నాక నన్ను చల్లపల్లి తీసుకెళ్ళాడు. అప్పటిదాకా అత్తయ్య ఆయనతో మాట్లాడలేదు. నన్ను పట్టుకుని ఏడ్చి, లోపల పీట వేసి అన్నం పెట్టింది. నాన్నకు మాత్రం వరండాలో కుర్చీ వేయించింది. "వాడికి జలుబు లేకపోయినా సరే, అక్కడే తింటాడు" అంది. నాన్న కంచం ఒళ్ళో పెట్టుకుని, గోంగూర పచ్చడి కలుపుకుని, మారు అడిగి మరీ తిన్నాడు. ఆయన అంత సంతోషంగా భోంచేయడం నేనెప్పుడూ చూడలేదు. పెరుగు వేయడానికి బయటికి వెళ్ళిన అత్తయ్య ఇక లోపలికి రాలేదు, ఆయన పక్కనే గడప మీద కూర్చుండిపోయింది.

కిందటి చలికాలంలో నాన్న పోయాడు. ఆయనను హాల్లో పడుకోబెట్టారు. గేటు బార్లా తెరిచి ఉంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఆపేవాళ్ళు లేరు. అత్తయ్య కర్ర ఊతంతో కారు దిగింది. ఏడుస్తూ ఎదురెళ్ళిన నన్ను చేత్తో ఆపింది.

"ఉండవే, ముందు చేతులు కడుక్కోనీ."

కుళాయి దగ్గర వంగి, ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది. తర్వాత వెళ్ళి ఆ నీలం కుర్చీలో కూర్చుంది.

"లోపలికి రా అత్తయ్యా" అన్నాను.

"వాడు రమ్మనకుండా ఎలా వస్తానే?"

ఆ తడి చేతులు పట్టుకుని ఆవిడను లేపబోయాను. "నాన్న రమ్మన్నాడు అత్తయ్యా. నా పరీక్షలన్నీ బాగా వచ్చాయి" అన్నాను. అప్పుడు లేచి నాతో వచ్చింది.

ఈ ఉదయం అరిగిపోయిన ముక్క తీసేసి కొత్త సబ్బు గట్టు మీద పెట్టాను. నాకు ఆ జాగ్రత్తల అవసరం తీరిపోయి ఏళ్ళయింది. అయినా సాయంత్రం కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి గేటు తీయగానే నా కాళ్ళు కుళాయి వైపే నడుస్తాయి. మోచేతుల దాకా రుద్దుకుని, ఎవరో పిలవాలన్నట్టు కుర్చీ పక్కన కాసేపు నిలబడి, అప్పుడు లోపలికి వెళతాను.