కన్నాల అట్ట కింద నా సున్నా

అరవైల్లో మాట. నూజివీడు దగ్గర మామిడి తోటల్లో మా నాన్న కాయలు కోసే కూలీ. నేను తెలుగు మీడియంలో చదివి, కాలేజీలో పి.యు.సి.లో చేరాను. ఫెయిలైతే నేనూ తోటలో పనికి వెళ్ళాలన్నది ఇంట్లో ముందే అనుకున్న మాట.

లెక్కల లెక్చరర్ గారు కొత్త రకం పరీక్ష పెట్టారు. ప్రతి లెక్క కిందా నాలుగు జవాబులు, ఒకటే సరైనది. పైన ఇంగ్లీషులో రాసిన సూచన నాకు అర్థం కాలేదు గానీ, లెక్కలన్నీ చకచకా చేసి గుర్తులు పెట్టేశాను.

మర్నాడు ఆయన క్లాసులోనే పేపర్లు దిద్దారు. సరైన జవాబుల దగ్గర కన్నాలు పొడిచిన అట్టని నా పేపరు మీద పెట్టారు. ఒక్క కన్నంలోనూ గుర్తు లేదు.

"సున్నా!" అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఆయన మాత్రం నవ్వలేదు. "కళ్ళు మూసుకుని పెట్టినా నాలుగైదు తగులుతాయి కదమ్మా, ఇదెలా?" అంటూ అట్ట తీశారు. తప్పు జవాబులన్నిటికీ గుర్తులున్నాయి. ఒప్పువి మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

"తోటలో దెబ్బకాయకే సున్నం బొట్టు పెడతామండీ. మంచికాయని ముట్టుకోం," అన్నాను ఏడుస్తూ.

ఆయన మొహం పాలిపోయింది. "నీకన్నీ వచ్చు! అట్ట తియ్యకపోతే ఫెయిల్ చేసేసేవాణ్ణి," అన్నారు.

మొన్న మనవరాలు కంప్యూటర్‌లో పరీక్ష రాసొచ్చింది. "సున్నా వస్తే, ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళుంటారా అక్కడ?" అన్నాను. అది నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.