మూడు బొమ్మలు, కడగకూడని కుంచె

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. (ఆ రోజులంటే మూడేళ్ల కిందటివే, మనిషికి తెలివి తగ్గడానికి అంత సమయం చాలు.) సిద్దిపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను. చేర్యాలలో నకాశీ పటాలు, అంటే కథలు చెప్పే పొడవాటి బొమ్మల పటాలు, వేసే ఒక తాతకు ఆర్డర్లు తీసుకునే యాప్ కావాలి. అది ఎలా పనిచేయాలో ముందుగా కాగితం మీద గీయడం నా పని. ఎవరు ఏం చేస్తారో ఒక బొమ్మ, ఏది ముందో ఏది వెనకో ఒక బొమ్మ, ఆర్డరు ఏయే దశలు దాటుతుందో ఇంకో బొమ్మ. ఒకే మనిషికి మూడు వైపుల నుంచి తీసిన ఫొటోల్లాంటివన్నమాట. "రేపు తాత సరే అంటే నీ నౌకరి పక్కా. లేకుంటే ఆయనెక్కే చేర్యాల బస్సే నువ్వు గూడ ఎక్కు" అంది మా టీమ్ లీడ్ అక్క. ఆమెది చాలా మృదువైన స్వభావం.

ఆ సాయంత్రమే తాత ఫోన్ చేసి ఒక మార్పు చెప్పాడు: ముందు గీతలు గీసి చూపించాలి, కొనేవాళ్లు ఒప్పుకున్నాకే రంగు వేయాలి. నేను రెండో బొమ్మలో బాణం మార్చి, ఘనకార్యం చేసినవాడిలా చాయ్‌కి వెళ్లాను. మిగతా రెండు బొమ్మలు గుర్తుకు రాలేదు. (అబద్ధమెందుకు, వచ్చాయి. చాయ్ వేడిగా ఉంది.)

మర్నాడు తాత ఆఫీసుకొచ్చి, నేను గోడకు అంటించిన బొమ్మల మీద వేలు పెట్టి, బాణాల వెంట నడిపించుకుంటూ వచ్చి మూడోదాని దగ్గర ఆపాడు.

"బిడ్డా, గాడ ఒప్పుకున్నంక రంగు. గీడ రంగేసినంక ఒప్పుకునుడు. ఏది నమ్మాలె?"

"రెండూ కరెక్టే తాతా. చూసే కోణం వేరు, అంతే."

"కోణం మారితే ముక్కు పోయి ఈపు మీద మొలుస్తదా?"

అక్క గోడ గడియారం వైపు చూసింది. బస్సు టైమే చూస్తోందని నాకర్థమైంది.

"తప్పు నాదే తాతా. ఒకదాంట్ల మార్చి చాయ్‌కి పోయిన" అన్నాను.

తాతకు కోపం రాలేదు. "మా పటం గీ గోడంత పొడుగుంటది. ఒక గడిల ఎర్రగున్న మనిషి ఇంకో గడిల పచ్చగైతే కథ చెప్పెటోడు నవ్వులపాలైతడు. అందుకే ఎరుపు చేతుల ఉన్నప్పుడే అన్ని గడులల్ల ఎర్రవన్ని నింపుతం. గప్పుడే కుంచె కడుగుడు. నువ్వు ఒక్క గడికే కడిగినవ్."

మూడో బొమ్మ అక్కడే సరిచేశాను. ఆయన అడగకముందే మొదటిదీ చూశాను. అందులో కొనేవాళ్లు ఆర్డరిస్తున్నారు గానీ, గీతలు చూసి ఒప్పుకోవడమే లేదు. అదీ గీశాను. తాత మూడింటి మీదా మళ్లీ వేలు నడిపి, "ఇగ సరే" అని, ఒక్కడే బస్సెక్కాడు.

ఇప్పుడు కొత్తవాళ్లు బొమ్మలు తెస్తే, "కుంచె కడిగినవా?" అని గంభీరంగా అడుగుతాను. వాళ్లకు అర్థం కాదు, కానీ భయపడి మూడూ మళ్లీ చూసుకుంటారు. పోయిన వారం నా సొంత బొమ్మల్లోనే ఒక బాణం ఒకచోట అటు, ఇంకోచోట ఇటు తిరిగి కనిపించింది. ఎవరూ చూడకముందే అన్నిచోట్లా సరిచేసి లేచేసరికి చాయ్ చల్లారిపోయింది. అదే తాగుతూ, వేడి చాయ్ కోసం ఉద్యోగం వదులుకోబోయిన ఆ సర్వజ్ఞుణ్ని తలచుకుని కాస్త నవ్వుకున్నాను.